ఎనిమిది చుక్కలు

మొన్న శుక్రవారం, ఇప్పుడు నేను పనిచేస్తున్న ఇంటి పిల్లలను ఎగైలాలోని మాల్‌కు ఆడించడానికి తీసుకుపోయినప్పుడు, రంగుచేపలు అమ్మే అంగడి ముందు నా కాళ్లు ఆగిపోయాయి. నిలువెత్తు గాజుతొట్టెలో సముద్రపు నీళ్లు, అందులో ఊదారంగు పగడాలు, పక్కన గోడకు చిన్న మిషను. ఆ మిషను తనే నీళ్లు పీల్చుకుని, తనే పరీక్ష చేసి, క్షారం ఎంతుందో అంకె చూపిస్తుందట, తగ్గితే తనే మందు కూడా పోస్తుందట. అంగడిలోని మలయాళీ పిల్లవాడు మురిసిపోతూ చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత మంచి మిషనును చూసి మండిపడటమేమిటని మీరనుకుంటారేమో గానీ, నాలాగే ఆ రోజుల్లో బొంబాయిలో విమానమెక్కి ఈ అరబ్బు దేశానికి వచ్చి, సెలవు కోసం దినాలు లెక్కపెట్టుకున్నవాళ్లకు నా మంట తెలుస్తుంది.

అప్పుడు నేను ఫింటాస్‌లో ఒక ఇంట్లో పనికి ఉండేదాన్ని. నన్ను అక్కడికి రప్పించింది ఆ ఇంటి డ్రైవరు, అంటే మా పెద్దమ్మ కొడుకు, నాకు వరసకు అన్న. ఆ ఇంటాయనకు, మేమందరం ఆయనను బాబా అనీ ఆయన భార్యను మామా అనీ పిలిచేవాళ్లం, బయటి హాల్లో ఉన్న పగడాల తొట్టె అంటే ప్రాణం. పగడం రాయి కాదనీ, అది బతికే జీవమనీ, ఒంట్లో ఎముక కట్టుకోవడానికి నీళ్లలోని క్షారాన్ని రోజూ కొంచెం కొంచెం తినేస్తుందనీ నాకు తెలిసింది అక్కడే. తిన్నంత మళ్లీ పోయకపోతే నీళ్లు నీరసించి, పగడాలు కొసల నుంచి తెల్లబారి చచ్చిపోతాయి. పోసే మందు ఏమిటా అని ఒకసారి నాలుక మీద వేసుకుని చూస్తే, మనం బజ్జీల పిండిలో వేసే సోడానే. చిన్న సీసాలో తొట్టె నీళ్లు పట్టి, అందులో మందు ఒక్కొక్క చుక్కే వేస్తూ లెక్కపెట్టాలి. తొలి చుక్కకు నీలమైన నీళ్లు పసుపుపచ్చగా మారేసరికి ఎనిమిది చుక్కలు పట్టాలి, అంతకు ముందే మారితే క్షారం తగ్గినట్టు. ఆ పని అన్న చేయాల్సింది. సాయంత్రం బాబా ఎంత అని అడిగితే అన్న ‘తమానియా’, ఎనిమిది, అనేవాడు. సీసా మూత తీయకుండానే అనేవాడని నాకు తర్వాత తెలిసింది.

ఊళ్లో నా కూతురు పెద్దమనిషి అయింది. నేను వచ్చేదాకా సమర్త బంతి, అదే ఆ వేడుక, ఆపుతామని మావాళ్లు కబురు చేస్తే, మామా నాకు రెండు నెలల సెలవు ఇస్తానంది. బిడ్డను మూడేళ్లప్పుడు వదిలి వచ్చినదాన్ని, మధ్యలో ఒక్కసారే చూసినదాన్ని. పెట్టె కూడా సర్దుకున్నాను. సరిగ్గా అప్పుడే, బాబా దేశంలో లేని సమయంలో, పగడాలు తెల్లబారాయి. మామా నిలదీసేసరికి అన్న, తొట్టెలో నేను బ్లీచు గుడ్డ ముంచానని చెప్పాడు. పనిమనుషులం ఏది కడిగినా బ్లీచుతోనే కడిగేవాళ్లం కాబట్టి మామా వెంటనే నమ్మింది. సెలవు ఖలాస్ అంది. బాబా తిరిగి వచ్చేలోగా అన్న రోజూ కాస్త కాస్త సోడా పోసి నీళ్లను గుట్టుగా సరిచేసేశాడు. నేను ఏడ్చి మొత్తుకున్నా అడిగే నాథుడు లేడు.

బంతి నేను లేకుండానే జరిగింది. ఫొటోలు వచ్చాయి. నా బిడ్డ పక్కన నా తోడికోడలు కూర్చుని ఉంది. బిడ్డ కట్టుకున్న పట్టుచీర మేనమామ హోదాలో అన్న పంపినదే. ఆ చీర చూసినప్పుడు వాడిని ఈ ఇంట్లో ఉండనివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

తొట్టె గాజు తుడిచేది నేనే, పరీక్ష సీసాలుండేది దాని కింది అరలోనే. బాబా అన్నకు నేర్పినప్పుడు పక్కనుంచి చూసినదాన్ని, రోజూ ఉదయం తుడిచేటప్పుడు చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కొన్నాళ్లు ఎనిమిది నిలిచింది. తర్వాత వాడికి మళ్లీ బద్ధకం కమ్మింది. ఏడు, ఆరు. సాయంత్రం మాత్రం అదే తమానియా. చెంచా సోడా కలిపి మెల్లగా పోస్తే బతికే ప్రాణాలని నాకు తెలుసు. పోయలేదు, ఎవరికీ చెప్పలేదు. కొసలు పాలిపోతుంటే చూస్తూ గాజు తళతళలాడేలా తుడిచాను.

బాబా అన్నదమ్ములందరూ హాల్లో కూర్చున్న రోజు, చాయ్ గ్లాసులు అందిస్తూ, ఈసారి నీళ్లు మీరే చూడండి బాబా అని వచ్చీరాని అరబ్బీలో అనేశాను. ఆయన అందరి ముందూ సీసా తీసి చుక్కలు వేశాడు. ఐదో చుక్కకే నీళ్లు పసుపుపచ్చ అయ్యాయి. బాబా గద్దించేసరికి, బ్లీచు గుడ్డ పాత కథ కూడా అన్న నోటే అప్పుడే బయటపడింది. వారం తిరగకుండా అన్న ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి కార్డు, రద్దు చేసి టికెట్టు చేతిలో పెట్టారు. గేటు దగ్గర పెట్టె పట్టుకుని నన్ను పిలిచాడు.

“ముందే తెలిసి గూడా నాకొక మాట చెప్పల్యా గదమ్మే.”

“నా బిడ్డ బంతికి నన్ను పోనిస్తివా నువ్వు?”

వాడు పెట్టె ఎత్తుకుని పోయాడు. నా కడుపు చల్లబడింది. ఇన్నేళ్ల తర్వాత కూడా వాడి మీద జాలి పుట్టలేదు, పుట్టిందని చెబితే అబద్ధం. ఏ పాపమూ ఎరగని పగడాలు సగం పోయాయి, ఆ పాపం మాత్రం నాదే.

ఆ రోజు నుంచి తొట్టె నాకు అప్పగించారు. తొందరపడితే మిగిలినవీ పోతాయని వారం పైన తీసుకుని ఐదును ఎనిమిదికి తెచ్చాను. నా చెయ్యి మంచిదని బాబా నలుగురిలో మెచ్చుకుంటే పొంగిపోయాను. ఆరేళ్ల తర్వాత నా కూతురికి తొలికాన్పు వచ్చింది. పురుడు చేయాల్సిన తల్లిని కదా, సెలవు అడిగాను. మామా నా మీద కోపంతో కాదు, ఎంతో ప్రేమగానే, నువ్వు పోతే నీళ్లెవరు చూస్తారు అంది. పనివాళ్లలో ఇంకెవరికీ ఆ పని రాదు. వచ్చిన ఒక్కడినీ నేనే పంపించేశాను.

మాల్‌లో ఆ మిషను అంకె చూపించింది, ఎనిమిది. ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు, ఎవరినీ పట్టివ్వనక్కర్లేదు, ఇప్పటి పనిమనిషి హాయిగా సెలవు మీద ఊరికి పోవచ్చు. పిల్లలు చెయ్యి పట్టి లాగుతున్నా చాలాసేపు అక్కడే నిలబడ్డాను. పరాయి ఇంటి పగడాలకు ఏళ్ల తరబడి చుక్క తప్పకుండా కొలిచి పోశాను గానీ, నా మనవరాలికి తొలిస్నానం నీళ్లు పోసింది కూడా నా తోడికోడలే.