వాస్తు కుదిరిన దీవి

ఏడో తరగతిలో భూగోళం మేష్టారు నన్ను బయట నిలబెట్టారు. అప్పటినుంచి భూగోళం బయటే చదువుకుంటున్నాను. అలా చదువుతూ చదువుతూ అలాస్కా పైన, మంచుసముద్రంలో సర్వేలు చేసే ఓడలో వంటవాణ్ణయ్యాను.

ఓడెక్కడానికి అసలు కారణం మేముండే అరోరా ఊళ్లో అమ్మకానికొచ్చిన ఒక ఇల్లు. మా ఆవిడకు తెగ నచ్చింది. నేను గుమ్మంలో నిలబడి ఫోన్‌లో కంపాస్ తీశాను. దక్షిణం వాకిలి. వద్దన్నాను. అంతకుముందు చూసిన ఇళ్లన్నిటికీ ఏదో ఒక వంక పెట్టి వద్దన్నవాణ్ణే.

"ఇక నువ్వూ నీ కంపాసూ కాపురం చేసుకోండి. బుద్ధొచ్చిన రోజు కాల్ చెయ్," అని ఆవిడ చెల్లెలింటి బేస్‌మెంట్‌కు మారిపోయింది. పంతం కొద్దీ నేను ఓడెక్కాను.

ఆ వేసవిలో ఒక దీవి దగ్గర లంగరు వేశాం. మనిషన్నవాడు లేడు. చెట్టు లేదు, నీడ లేదు. నేలకు అంటుకుని నాచు. పొయ్యి మీద పప్పు పెట్టి వెళితే, ఉడికేలోగా చుట్టి రావచ్చు. సర్వేవాళ్లతో పాటు నేనూ దిగి, అలవాటు చొప్పున ఫోన్ తీసి దిక్కులు చూశాను.

నైరుతిలో నల్లరాతి గుట్ట, దాని నిండా పక్షుల రెట్టలు. అక్కడినుంచి నేల వాలుతూ వాలుతూ పోయి, ఈశాన్యంలో గులకరాళ్ల గట్టు వెనక మంచినీళ్ల మడుగు. ఒళ్లు పులకరించింది. దేవుడే దగ్గరుండి శంకుస్థాపన చేసినట్టుంది!

గృహప్రవేశానికి మాత్రం ఎవరూ రాలేదు.

సర్వేవాళ్లు గుట్ట వైపు వెళ్లారు. మడుగు ఒడ్డున ఒక్కణ్ణే కూర్చుని పైకే ఒక జోకు వేశాను. పక్షులు కూడా పట్టించుకోలేదు. మా ఆవిడైతే కనీసం విసుక్కునేది.

ఓడకు తిరిగొచ్చి శాటిలైట్ ఫోన్‌లో ఆవిడకు కాల్ చేశాను.

"ఆ దక్షిణం వాకిలి ఇల్లు... నాకు ఓకే."

"అదెప్పుడో సోల్డ్ అయిపోయింది. ఎక్కడున్నావ్?"

"ఒక దీవి దగ్గర. వాస్తు అదిరింది. నైరుతిలో గుట్ట, ఈశాన్యంలో నీళ్లు."

"అయితే అక్కడే సెటిలవ్వు. ఎవరుంటారక్కడ?"

"ఎవరూ ఉండరు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"తిన్నావా?" అంది.

ఓడ మొత్తానికి వండిపెట్టేవాణ్ణి. ఆ మాట నన్నడిగినవాళ్లు ఇన్నాళ్లలో ఒక్కరూ లేరు. "ఇంకా లేదు," అన్నాను.

"తిను ముందు. సండే ఇంకో ఇల్లు చూస్తున్నా. ఏ ముఖమో చెప్పను."

"అడగను," అన్నాను.

అడగకుండా ఉండడానికి పెదవి కొరుక్కోవలసి వచ్చింది.