చూస్తే గాని తెలియని పాదాలు

2023 ఫిబ్రవరి. నూజివీడు పక్కన ఒక పల్లెలో ఏఎన్ఎంగా, అంటే ఊరి నర్సుగా చేస్తున్నాను. మామిడికాయలు కోసే నాంచారయ్య నీరసమంటూ వచ్చాడు. మొహం పాలిపోయింది, నాలుక నున్నగా ఎర్రగా ఉంది. రక్తం ఎంతుందో చెప్పే హిమోగ్లోబిన్ ఎనిమిది. డాక్టరు గారికి చూపించకుండానే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చేశాను. గర్భిణులకు రోజూ ఇచ్చేవే కదా, వీటితో ఏ కొంప మునుగుతుందిలే అనుకున్నాను.

రెండు నెలలకు పది దాటింది. నా భుజం నేనే తట్టుకున్నాను.

కోతలు మొదలయ్యాక అతన్ని భార్య చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"మొహం కడుక్కుంటూ పంపు దగ్గర పడిపోతున్నాడండి. ఊళ్ళో అందరూ తాగి పడ్డాడంటున్నారు. ఈయన చుక్క ముట్టడండి."

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ వాసన చూశాను. ఏమీ లేదు.

"చెట్టెక్కుతున్నారా?" అన్నాను.

"ఎక్కుతున్నానండి. కొమ్మ మీద కాలు పెట్టానో లేదో కిందకి చూస్తే గాని తెలీట్లేదు సిస్టరమ్మా."

మొహం కడుక్కునేటప్పుడు కళ్ళు మూసుకుంటాం కదా అని తట్టింది. నిలబెట్టి కళ్ళు మూసుకోమన్నాను. రెండు క్షణాల్లో మనిషి నా మీదికి ఒరిగిపోయాడు. ట్రైనింగులో విన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. బి12 విటమిన్ లేని మనిషికి ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం కాస్త పెరుగుతుంది, నరాలు మాత్రం చచ్చుబడుతూనే ఉంటాయి. రోగాన్ని రెండు నెలలు దాచిపెట్టింది నేనే. ఇతను చెట్టు మీంచి పడి ఉంటే?

డాక్టరు గారు ఆ రోజే రక్తం తీయించి బి12 ఇంజెక్షన్ మొదలుపెట్టి, విజయవాడ పంపారు. ఎండోస్కోపీలో, అంటే గొట్టం దింపి చూస్తే, కడుపు లోపలి పొర పలచబడి ఉంది. ఆటోఇమ్యూన్ గాస్ట్రైటిస్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన కణాలే ఆ పొరను తినేస్తాయి. అప్పుడిక తిండిలోని బి12 ఒంటికి పట్టదు.

"కడుపులో నొప్పే లేదు కదండీ!" అన్నాడు నాంచారయ్య.

అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

ఇంజెక్షన్లు జీవితాంతం. కాళ్ళు ఎంతవరకు తిరిగొస్తాయో ఎవరూ చెప్పలేదు. వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకోమని, రెండు చేతులూ చాపి ఎదురుగా నిలబడేదాన్ని. ఏడాదికి తూలకుండా నిలబడ్డాడు. కాలివేళ్ళ మొద్దుబారడం మాత్రం పోలేదు. చెట్లెక్కడం మానేసి కాయలు ఏరుతున్నాడు.

ఒకరోజు అన్నాడు, "మీ మాత్రలే నన్ను నిలబెట్టాయని అందరికీ చెబుతున్నానండి."

ఇక దాచలేకపోయాను. "కాదు నాంచారయ్య గారూ. ఆ మాత్రల వల్లే ఆలస్యమైంది. తప్పు నాది."

తన పాదాల వంక చూసుకున్నాడు.

"ఇప్పుడు మాత్రలిచ్చే ముందు కాళ్ళ గురించి అడుగుతున్నారా అండి?"

"ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను."