వెర్నా గంగాళం

నోర్బర్ట్ డెలావో ఏప్రిల్ నెలాఖరులో పోయాడు. మంచు కరిగాక మొదటిసారి గడ్డి కోసే యంత్రాన్ని షెడ్డులోంచి బయటికి లాగుతూ దాని పక్కనే కూలబడ్డాడు. భార్య వెర్నా వంటింటి కిటికీలోంచి చూసింది. మేకో మరేదో కిందపడితే ఏరుకుంటున్నాడనుకుంది. రెండు నిమిషాలు అలాగే అనుకుంది.

ఆ తర్వాత చెయ్యాల్సినవన్నీ చేసింది. చర్చిలో నిలబడమన్న చోట నిలబడింది. ఇరుగుపొరుగు వండి తెచ్చిన గిన్నెలు తోమి, ఎవరి పేరు వాళ్ళ గిన్నెకు అంటించి మరీ తిరిగిచ్చింది. కంట చుక్క రాలేదు. గట్టి మనిషన్నారు కొందరు. గట్టిదనమూ కాదు, పాడూ కాదు. పన్ను పీకే డాక్టరు సూది పొడిచాక చెంప ఎలా ఉంటుందో వెర్నాకు ఒళ్ళంతా అలా ఉంది. తడిమితే చేతికి తగులుతుంది, తనదనిపించదు.

వాళ్ళది గ్రీన్ బే. ఆయన కాగితం మిల్లులో, ఆవిడ బడి వంటశాలలో పనిచేసి రిటైరయ్యారు. పిల్లల్లేరు. పెళ్ళయిన వారానికే నోర్బర్ట్ ఆవిడ పేరును ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆటల సీజన్ టికెట్ల వరుసలో రాయించాడు. ఆ ఊళ్ళో స్టేడియంలో సీటంటే పొలంలాంటిది, తాత నుంచి మనవడికి దిగుతుంది. కొత్తవాళ్ళు ముప్ఫై, నలభై ఏళ్ళు వరుసలో ఉండాల్సిందే. "మన పేరు వచ్చేసరికి మెట్లెక్కే ఓపిక ఉండదు, నిన్ను వీపున మోసుకుపోతాలే" అనేవాడు.

అలా వరుసలో ఉన్న ముప్ఫై ఎనిమిదేళ్ళూ ఇద్దరూ స్టేడియం బయటే ఉన్నారు. రోడ్డుకు ఇవతల ఓడిల్ అనే పెద్దావిడ ఇంటి ముందు పచ్చిక మీద, ఆట ఉన్న ప్రతి ఆదివారం, పొద్దున్నే గంగాళం ఎక్కించేవారు. కోడీ, గొడ్డు మాంసమూ ఎముక విడిచేదాకా ఉడికి, క్యాబేజీ, క్యారెట్టు, బంగాళాదుంప, బఠాణీ అందులో కరిగిపోయేదాకా తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి. దాన్ని బూయా అంటారు. పదిహేనుమంది తినేవారు. గేట్లు తెరవగానే టికెట్లున్నవాళ్ళు లోపలికి పోతే, మొగుడూ పెళ్ళాం రేడియో పెట్టుకుని గంగాళం దగ్గర కూచునేవారు. గోడ అవతల అరుపు ముందు వినబడేది. ఎందుకరిచారో రేడియో తర్వాత చెప్పేది.

ఉత్తరం మే నెలలో వచ్చింది. వెర్నా పేరు వరుసలో ముందుకొచ్చిందనీ, రెండు సీట్లు కేటాయించామనీ. ఆ నెలలో సంతకం పెట్టమన్న కాగితాలు చాలా ఉన్నాయి. వాటితోపాటే దాని మీదా పెట్టేసింది.

ఆగస్టు చివర్లో మరిది గస్ వచ్చి వాకిట్లోనే టోపీ చేత్తో తిప్పుతూ నిలబడ్డాడు.

"వదినా, ఈ ఏడు మానేద్దామా? ఎవరూ ఏమనుకోరు."

"ఎందుకు మానడం? ఆట ఉంది కదా."

"ఉందనుకో..."

"ఉంటే జనానికి ఆకలెయ్యదా?"

గస్ టోపీ పెట్టుకుని లోపలికొచ్చాడు. ఇద్దరూ సామాన్ల గది తలుపు వెనక అంటించిన జాబితా ముందు నిలబడ్డారు. ఎడమ సగం వెర్నా రాత: కోళ్ళు, మాంసం, కూరలు, బీరులో ఉడికించి కాల్చే సాసేజీలు, రై రొట్టె, జున్ను ముక్కలు, ఉప్పు బిస్కెట్లు, కాగితం గిన్నెలు, గరిటెలు. కుడి సగం నోర్బర్ట్‌ది. మూడుకాళ్ళ గ్యాసు పొయ్యి, గాలికి అడ్డం పెట్టే రేకు, పందిరి, పందిరి ఎగిరిపోకుండా నాలుగు కాళ్ళకూ ఇసక సంచులు. మడత బల్లలు. ఐసు పెట్టెలు, తాగేవాటికొకటి, పచ్చి మాంసానికొకటి, 'కలపకూడదు' అని కింద రెండు గీతలు. తోలు చేతొడుగులు, కాలినదానికి మందు, చెత్త సంచులు, వేరేవాళ్ళ బండి మొరాయిస్తే బ్యాటరీకి తగిలించే తీగలు. చలి ముదిరాక కాళ్ళ కింద వేసుకోవడానికి మందపాటి అట్టలు. అగ్గిపెట్టెలు రెండు. 'ఒకటి ఎప్పుడూ తడుస్తుంది.'

గస్ అక్కడిదాకా చదివి ముక్కు తుడుచుకున్నాడు. వెర్నా పెన్సిలుతో టిక్కు పెట్టి, "ఇసక సంచులు షెడ్డులో ఎడమపక్క" అంది.

మొదటి ఆదివారం అన్నీ వేళకే జరిగాయి. తెల్లవారుతుండగా పొయ్యి అంటించారు, పదకొండుకల్లా గిన్నెలు నింపారు. జనం తలలు వంచుకుని తిన్నారు. "బాగుంది వెర్నా." "ఎప్పటిలాగే ఉంది." "చాలా బాగుంది." అడక్కుండానే చెప్పారు, ఒకరి తర్వాత ఒకరు. మిల్లులో నోర్బర్ట్‌తో పనిచేసిన క్లీటస్ తన గిన్నెలో మూడు గుప్పిళ్ళ ఉప్పు బిస్కెట్లు నలిపి పోసుకున్నాడు. వెర్నా కూడా ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. ఏదో వెచ్చగా గొంతు దిగింది.

తర్వాత అందరి కళ్ళూ ఆవిడ చేతిసంచి మీద పడ్డాయి. రెండో టికెట్టు ఎవరికన్నది ఎవరూ పైకి అడగలేదు.

"లాటరీ తగిలినవాళ్ళ మొహం ఇలా ఉండదు వదినా" అని, అన్నందుకు గస్ నాలిక కరుచుకున్నాడు. అతనికి అత్తారి తరపు సీటు ఒకటుంది.

"నా మోకాలు ఇవ్వాళ కాస్త కూచోమని గోల పెడుతోంది" అన్నాడు క్లీటస్.

వెర్నా ఓడిల్ కుర్చీ దగ్గరికెళ్ళింది. "పిన్నీ, కోటు వేసుకో."

"నేనా? అది కట్టినప్పటినుంచీ దాని వీపు చూస్తూనే ఉన్నానే. ఎనభై ఒకటో ఏట మొహం చూసి ఏం చేసుకోను?"

"ఏం చెయ్యక్కర్లేదు. కూచుందాం."

ఓడిల్ ఆవిడ మొహంలోకి ఒక క్షణం చూసి లేచింది. పోతూ పోతూ క్లీటస్ చేతిలో తెడ్డు పెట్టింది. "అడుగంటిందో, ఆ మోకాలితోనే గీకిస్తా."

లోపల సీటంటే కుర్చీ కాదు, పొడుగాటి అల్యూమినియం బల్ల మీద అంకె. వెర్నా అంకెలు చూసుకుని కూచుంది. పక్కన నారింజరంగు వేటటోపీ పెట్టుకున్న భారీ ముసలాయన ఉన్నాడు. జరగలేదు.

"మేం కొత్తవాళ్ళమండి" అంది ఓడిల్.

"తెలుస్తోంది." తర్వాత వెర్నాతో అన్నాడు, "అది మార్విన్ చోటు."

"అంకె చూసే కూచున్నానండి."

"అంకె సరిగ్గానే ఉంది. చోటు మార్విన్‌ది. నలభై రెండేళ్ళు."

"సరేలేవయ్యా, ఆయనొస్తే లేస్తాం" అంది ఓడిల్.

"రాడు. జనవరిలో పోయాడు. వెనక ఎవరూ లేరు."

ఇంతకాలం వరుస ముందుకు జరగడమంటే ఏమిటో వెర్నాకు అప్పుడు తట్టింది. ఎక్కడో ఎవరో లేస్తేనే ఇక్కడ ఒకరు కూచునేది. దానికి బాధపడాలని తెలుసు. ఆ బాధ వస్తుందేమోనని కాస్త ఆగి చూసింది. రాలేదు.

"మా ఆయన ఏప్రిల్లో పోయాడు. ఈ రెండోది ఆయన కూచోవాల్సింది" అంది.

"అయితే నేనిప్పుడు ఎవరి ఒళ్ళో కూచున్నట్టే తల్లీ?" అంది ఓడిల్.

ముసలాయన ముక్కులోంచి చిన్న శబ్దం వచ్చింది. నవ్వో, జలుబో. పేరు ఎల్డ్రెడ్ అని చెప్పాడు.

ఆట మొదలైంది. జనం లేస్తే వెర్నా లేచింది, కూచుంటే కూచుంది. డెబ్బైవేలమంది ఒక్కసారి అరిచినా తలుపు వేసిన గదిలోంచి వింటున్నట్టే ఉంది. రేడియో లేకపోవడంతో ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ఎల్డ్రెడ్ మాత్రం ఉండుండి ఆవిడ మోకాళ్ళవైపు చూస్తూ గొణిగేవాడు. "చూశావా, ఎడమపక్క ఖాళీగా వదిలేశాడు... చెప్పానా, వీడికి బంతి ఇవ్వకూడదని." అది తనతో కాదని ఆవిడకు తెలుసు. అయినా తలూపింది. ఊపినప్పుడల్లా అతను ఇంకాస్త స్పష్టంగా చెప్పేవాడు.

బయటికొచ్చేటప్పుడు ఓడిల్ అతని చెయ్యి పట్టుకుంది. "వచ్చే ఆటకు ముందే రావయ్యా. ఎదురుగుండా పచ్చ తలుపుల ఇల్లు. గంగాళం దూరానికే కనబడుతుంది."

రెండు వారాలకు, చంకలో రై రొట్టె పెట్టుకుని నిజంగానే వచ్చాడు. వెర్నా గిన్నె నింపి ఇచ్చింది. ఒక చెంచా తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు. చెంచా కింద పెట్టాడు.

"ఇందులో ఉప్పు లేదమ్మా."

 గస్ గబగబా వచ్చాడు. "పెద్దాయనా, వయసు మీదపడితే నాలిక..."

"నా నాలిక శుభ్రంగా ఉంది. ఉప్పు లేదు. ఒక్క రవ్వ కూడా."

వెర్నా గస్ వైపు తిరిగింది. "లేదా?"

గస్ బూట్లవైపు చూశాడు.

"పోయినసారి?"

"పోయినసారీ లేదు వదినా."

"మరి బాగుందన్నారుగా అందరూ."

"అన్నాం."

"నేనైతే బిస్కెట్లతో నెట్టుకొచ్చా" అన్నాడు క్లీటస్. "పోయినసారి పెట్టె మొత్తం అయిపోయింది."

ఉప్పు ఆ జాబితాలో ఎక్కడా లేదు. డబ్బా నోర్బర్ట్ కోటు జేబులో వచ్చేది. చివరి గంటలో వేసి, రుచి చూసి, మళ్ళీ వేసేవాడు. అది రాసిపెట్టుకోవాల్సిన సంగతని ఆయనకూ తోచలేదు, ఆవిడకూ తోచలేదు. పదిహేనుమంది రెండు ఆదివారాలు చప్పిడి కూడు తిని, బాగుందని గిన్నెలు నాకారు. ఆవిడకు కోపం రాలేదు, సిగ్గూ వెయ్యలేదు. పరాయివాళ్ళ ఇంట్లో జరిగినదేదో వింటున్నట్టుంది.

ఓడిల్ వంటింట్లోంచి ఉప్పు డబ్బా తెచ్చింది. వెర్నా గుప్పెడు చల్లి, తెడ్డు గుండ్రంగా నాలుగు చుట్లు తిప్పి, గరిటెతో తీసి నోట్లో పోసుకుంది. వేడి తెలిసింది, అంతే. గరిటె ఎల్డ్రెడ్‌కు అందించింది.

"నాకు తెలియడం లేదండి. మీరే చెప్పండి."

అతను టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని చప్పరించాడు. "ఇంకా."

చల్లింది. తిప్పింది.

"ఇంకా."

"ఇంకానా?"

"గంగాళం చిన్నదా ఏంటమ్మా? వెయ్యి."

మూడోసారి, నాలుగోసారి. అయిదోసారి చెయ్యెత్తాడు. "ఆపు. ఇది బూయా."

మళ్ళీ అందరికీ పోసింది. ఈసారి ఎవరూ బాగుందనలేదు. తిని, గిన్నెలు పట్టుకుని రెండోసారి వచ్చారు. క్లీటస్ మూడోసారి కూడా వచ్చాడు.

ఆ తర్వాత ప్రతి ఆటకూ ఎల్డ్రెడ్ పదింటికే వచ్చేవాడు. రుచి చూడడం అతని పనైంది. ఇతరత్రా పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. లోపల మాత్రం అతను గొణిగితే ఆవిడ తలూపేది. అక్టోబరులో ఒకసారి, "అతను పక్కకి పరిగెత్తి ఉంటే సరిపోయేది కదా" అంది. ఎల్డ్రెడ్ తలతిప్పి మొదటిసారి ఆవిడ మొహం చూసి మాట్లాడాడు. "మార్విన్ కూడా ఇలాగే తప్పు చెప్పేవాడు."

డిసెంబరులో ఓడిల్‌ను డాక్టరు చలిలోకి వెళ్ళొద్దన్నాడు. రెండో సీటు వంతులవారీగా అందరికీ తిరిగింది. క్లీటస్ మోకాలికీ దక్కింది. ఆఖరి ఆటకు మాత్రం వెర్నా ఎవర్నీ పిలవలేదు. ఖాళీ అంకె మీద దుప్పటి మడిచి పెట్టింది.  జట్టు ఓడిపోయింది. జనం మంచులో మెల్లగా మెట్లు దిగిపోయారు.

బయట గస్ అప్పటికే వేడినీళ్ళు మోసుకొచ్చి గంగాళం తోముతున్నాడు. వెర్నా చేతొడుగులు మార్చుకుని రెండోపక్క కూచుంది. పైన పట్టిన కొవ్వు చలికి మైనంలా గడ్డకట్టింది. ఇద్దరూ కాసేపు గీకారు.

"వదినా, ఒకటడగనా? నువ్వు ఒక్కసారైనా ఏడ్చావా?"

"లేదు."

"నేను రోజూ ఏడుస్తా. బండిలో, మిల్లుకి పోతూ."

"తెలుసు. కళ్ళు ఎర్రగా ఉంటాయి."

"నా మీద కోపమా?"

"ఎందుకూ? ఎవరో ఒకరు ఏడవాలిగా." గంగాళాన్ని పక్కకు వంచింది. "అడుగున ఇంకా ఉంది. ఆ తెడ్డు ఇటివ్వు."

గస్ ఇచ్చాడు. ఆవిడ గీకుతుంటే అతను నీళ్ళు పోశాడు. అయ్యాక గంగాళం చెరో చెవి పట్టుకుని ట్రక్కులోకి ఎక్కించారు.