తల వంచుకుని విన్నవి

కంటిని చేసినవాడికి స్తోత్రం. దాని వెనక పల్చని పొరను తల్లి గర్భంలోనే, ఎవరూ చూడకముందే అల్లినవాడికి స్తోత్రం. వణుకుతున్న నోటితో చేసిన స్తోత్రాన్ని కూడా ఆయన తోసెయ్యడు గనుక, భయంతోనే ఆయనకు స్తోత్రం.

మా సంఘంలో ఒక అలవాటుంది. శుక్రవారం సాయంత్రం ప్రార్థన అయ్యాక, టీ కప్పులు చేతికి రాకముందే, ఆ వారం తనకు మేలు చేసిన పుస్తకమో, పాటో, టీవీలో చూసిన కార్యక్రమమో ప్రతివాళ్లూ ఒకటి చెప్పాలి. దేశం దాటి వచ్చి, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేము ఇళ్లలో కూడుకోవడం మొదలుపెట్టిన కొత్తలో, పిల్లలు ఏం చూస్తున్నారో కనిపెట్టడానికి పెద్దవాళ్లం పెట్టుకున్న పద్ధతి అది. పిల్లలు ఎదిగి ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. పద్ధతి మాకు మిగిలింది.

ఆ కూడికలో వాక్యం చదివేది నేను. తెలుగు మాట్లాడేవాళ్లు మాలో చాలామందే ఉన్నారు గానీ, మా పాత ముద్రణ బైబిల్లోని ఒత్తులూ గుణింతాలూ తడుముకోకుండా గట్టిగా చదవగలిగేవాళ్లు తక్కువ. చిన్నప్పటి నుంచి నాకు చేతనైన సేవ అదొక్కటే. పాడలేను, ప్రసంగించలేను. చదువుతాను.

ఈ చలికాలం మొదట్లో ఒక శుక్రవారం చదువుతుంటే, చూస్తున్న అక్షరమే కనబడకుండా పోయింది. దాని అటూ ఇటూ ఉన్నవి ఉన్నాయి. సరిగ్గా చూపు నిలిపిన చోట మాత్రం బూడిదరంగు మచ్చ. నా ఎడమ కన్ను ఏనాడో నీడలు తప్ప చూపించడం మానేసింది. ఉన్నది కుడికన్ను. దాని వెనక పొరలో, నడిమధ్యన, చిల్లు పడిందన్నారు డాక్టరు. ఆపరేషన్ చేసి లోపల గ్యాస్ బుడగ పెడతామన్నారు. బుడగ పైకి తేలి ఆ చిల్లును నొక్కి పట్టాలంటే, నేను తల దించే ఉండాలి. తింటున్నా, కూర్చున్నా, పడుకున్నా మొహం నేల వైపే. తల ఎత్తితే బుడగ పక్కకు జరుగుతుంది. చిల్లు మూసుకోకపోతే చదవడం ఇక ఉండదు.

జీవితమంతా దేవుని ముందు తల వంచినదాన్ని, ఇదెంత పని అనుకున్నాను. ఆపరేషన్ అయిన సాయంత్రానికే మెడ నొప్పితో పాటు భయం కూడా దిగింది. కంటికి కట్టు. మధ్యలో కంత ఉన్న దిండులో మొహం పెడితే నా ఊపిరే నా మొహానికి కొట్టేది. కట్టు కింద ఏం జరుగుతోందో తెలియదు, తెలుసుకునే దారీ లేదు.

చూడలేని మనిషికి ఏం చెప్పాలా అని మా సంఘంవాళ్లు తటపటాయించలేదు. అలవాటు అలవాటే. పాస్టర్‌గారి భార్య ఫోన్లో ఒక పుస్తకం పెట్టి వెళ్లింది, వినేది. "వందనాలక్కా, ఇది విను. ఏమీ జరగదు ఇందులో. అందుకే తెచ్చా" అంది.

తేనెటీగలను పెంచే ఒక ఆవిడ మంచు ప్రాంతంలో గడిపిన ఒక్క చలికాలం కథ అది. చలిలో పెట్టె మూత తీస్తే ఈగలు చచ్చిపోతాయి. అందుకని అవి బతికున్నాయో లేదో ఆవిడ చూడకూడదు. మంచులో నడిచి వెళ్లి, టోపీ తీసి, చెక్కకు చెవి ఆనించి వింటుంది. లోపల సన్నగా రొద వినిపిస్తే ఇంటికి తిరిగొస్తుంది. వినిపించని రోజు కూడా తిరిగొస్తుంది, మూత తియ్యదు. పుస్తకమంతా దాదాపు ఇంతే. నేను దాన్ని రెండోసారి కూడా విన్నాను. మీ ఇంట్లో ఎవరైనా రిపోర్టు కోసం ఎదురుచూస్తుంటే వినిపించండి.

టీవీ బాధ్యత మావారు తీసుకున్నారు. కేకులు చేసే పోటీ ఒకటి వస్తుంది. అందరూ మంచివాళ్లేనని సంఘంలో ఎవరో మెచ్చుకున్నారు. ఆయన కార్ల కంపెనీలో బ్రేకులు టెస్ట్ చేసి రిటైరైన మనిషి. సోఫాలో కూర్చుని చూసి చెప్పేవారు. నేను కింద దిండులోంచి వినేదాన్ని.

"ఏమండీ, ఇప్పుడేం జరుగుతోంది?"

"ఏముంది? ఒకావిడ పిండి కలుపుతోంది."

"ఇందాకా అదేగా చెప్పారు!"

"ఇందాకటావిడ వేరు. ఈవిడకి కళ్లజోడుంది."

"మొహం ఎలా ఉంది? కంగారు పడుతోందా?"

"మొహాలు నాకేం తెలుస్తాయి? ఓవెన్ టెంపరేచర్ మాత్రం తప్పు సెట్ చేసింది. చూస్తూ ఉండు, లోపల ఉడకదు."

"చూస్తూ ఉండాలా?"

"సరే, వింటూ ఉండు. అదిగో, పడింది!"

"ఏం పడింది?"

"కేకు. నే చెప్పలా? ఫౌండేషన్ వీక్."

తర్వాత ఆయన టీవీ శబ్దం పెంచారు. మళ్లీ మొదలుపెట్టేసరికి గొంతు మారింది. "పక్కబల్ల అతను తన పని వదిలేసి ఈవిడ కేకు నిలబెడుతున్నాడు. అతనికి టైమ్ అయిపోతోంది." ముక్కు చీదిన చప్పుడు.

"జలుబు చేసిందా?"

"నువ్వు తల దించు."

"దించే ఉన్నానండీ."

ఆ కార్యక్రమం కూడా చూడండి. వీలైతే మావారిలాంటి మనిషి పక్కన కూర్చుని చూడండి.

ఇక పాట. దాని గురించే రాయడానికి జంకుతున్నాను.

ఆపరేషన్ అయ్యాక వచ్చిన శుక్రవారం కూడిక నా కోసం మా హాల్లోనే పెట్టారు. ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే ఒక చెల్లి, తన వంతు వచ్చినప్పుడు, వాళ్ల ఊరి సంఘంలో కోత పండుగకు పాడిన పాట వినిపించింది. వాళ్లమ్మ ఫోన్లో రికార్డు చేసి పంపిందట. డోలకు, తాళాలు, పొలం పనులకు వెళ్లొచ్చిన ఆడవాళ్ల గొంతులు. మధ్యలో ఒక పసిబిడ్డ ఏడుపు. ఎవరిదో మోటార్ సైకిల్ పక్కనుంచి పోయింది. వాళ్లు ఆపలేదు. పల్లవి తిరిగి వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం పైకెత్తుకున్నారు.

మా సంఘాల్లో స్తుతి పాట పైకి వెళ్లినప్పుడు చేతులు లేస్తాయి. చేతుల వెంట మొహం లేస్తుంది. ఎవరూ నేర్పరు. అమ్మ ఒళ్లో కూర్చున్నప్పుడే ఒంటికి పడుతుంది.

"తల! తల దించవే!"

మావారి కేక అది. అప్పుడు తెలిసింది. నేను మోకాళ్ల మీద ఉన్నాను. రెండు చేతులూ పైన. మొహం కప్పు వైపు. పాట ఆగిపోయింది. నేను దిండులో మొహం దాచుకున్నాను. ఎంతసేపు ఎత్తి ఉంచానో నాకు తెలియదు. అందరూ కళ్లు మూసుకుని ఆ రికార్డుతో పాటు పాడుతున్నారు కాబట్టి ఎవరికీ తెలియదు.

మావారు డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేశారు. "తల దించే ఉంచమన్నారు. అపాయింట్‌మెంట్ రోజే చూస్తారట. ఇప్పుడు కట్టు విప్పినా తెలిసేదేం లేదట" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది.

తరువాత ప్రార్థన చెయ్యబోతే మాట రాలేదు. దేవుణ్ణి స్తుతిస్తూనే కన్ను పోగొట్టుకున్నానా? మరచిపోయి చేసిన స్తుతిని ఆయన ఎలా తీసుకుంటాడు? లేఖనాల్లో ఎన్ని చోట్ల చూపు వచ్చినవాళ్ల గురించి చదివాను, గట్టిగా, అందరికీ వినబడేలా! చూపు కోసం కేక వెయ్యాల్సిన వేళ నా నోట ఒక్క ముక్క రాలేదు.

మర్నాడు ఆ చెల్లి ఫోన్ చేసి ఏడ్చింది. "నేనా పాట పెట్టకపోతే బావుండేదక్కా. ఇంకెప్పుడూ ఏదీ చెప్పను."

"పిచ్చి మాటలు మాట్లాడకు. పాట చాలా బావుంది. మళ్లీ పంపు."

"మళ్లీనా?"

"ఈసారి మీ బావగారు నా మెడ పట్టుకుని కూర్చుంటారులే."

నవ్వింది. నేను నవ్వలేకపోయాను. కానీ ఆయన నిజంగానే, మెడ మీద చెయ్యి ఆనించి, ఆ పాట వినిపించారు.

కట్టు విప్పిన రోజు కంటి ముందు నీళ్లు తొణికినట్టుంది. తల కదిపితే ఒక గీత కదిలింది. అది బుడగ అంచట. డాక్టరు చాలాసేపు చూశారు. "బుడగ అడ్డంగా ఉంది. అది కరిగేదాకా నేను ఏదీ చెప్పలేను" అన్నారు. తల ఎత్తిన సంగతి మావారు చెబితే, "దాని వల్ల ఏమైనా అయిందో లేదో కూడా చెప్పలేను" అన్నారు.

ఇప్పుడు తల ఎత్తుకోవచ్చు. బుడగ కరుగుతూ, నా చూపులో రోజురోజుకూ కిందికి దిగుతోంది. దాని పైన సన్నగా వెలుగు పట్టీ కనబడుతోంది, అందులో కిటికీ పైభాగం, మంచు పట్టిన కొమ్మ. మధ్యది, అక్షరాలు నిలిచే చోటు, ఇంకా బుడగ వెనకే ఉంది. ఈ మాటలు ఫోన్లోకి చెబుతున్నాను, అదే రాసుకుంటోంది.

పోయిన శుక్రవారం వాక్యం మావారు చదివారు. ఒత్తుల దగ్గర ఆగి ఆగి, వేలు పెట్టుకుని. చెవి ఒగ్గి విన్నాను. తప్పు చదివిన చోట దిద్దలేదు.

మంచి పుస్తకం, మంచి కార్యక్రమం, మంచి పాట, మూడూ చెప్పాను. నా వంతు అయింది. ఇక టీకి ముందు ముగింపు ప్రార్థన ఒక్కటే మిగిలింది. ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం కళ్లు మూసి నాతో కలవండి. ప్రభువా, ఈ బుడగ కరిగిన రోజున మధ్యలో అక్షరం ఉండనీ. లేకపోతే, మావారు వేలు పెట్టి చదువుతున్నంతసేపూ భయపడకుండా వినే చెవినైనా నాకివ్వు. గట్టిగా చెప్పండి, నాకు వినబడేలా, ఆమేన్.