కొత్త అంగిలి కోసం మంచిర్యాల దాక

సిరిసిల్ల నుంచి మంచిర్యాలకు పోవాల్నంటే రెండు బస్సులు, ఒక రైలు. తొవ్వల నాకు మూడు పులులు ఎదురైనయని రాద్దామనుకున్న. ఒక్కటి గూడ ఎదురు కాలే. వేములవాడ స్టాండుల ఒక కోతి మా సంచి గుంజింది, అంతే.

ఎందుకు పోయిన్నో ముందు చెప్పాలె. పోయిన ఏడు నా పై దవడకు గడ్డ లేచింది. హైదరాబాదుల పెద్ద దవాఖానోల్లు కోసి తీసిండ్రు. గడ్డతోపాటు కుడిదిక్కు అంగిలి, ఆ దిక్కు పండ్లు గూడ పోయినయి. ప్రాణం దక్కింది గాని నోటికి, ముక్కుకు నడుమ గోడ లేకుండ పోయింది. నీళ్లు తాగితే ముక్కులకెల్లి కారేటివి. పచ్చిపులుసు సంగతి అడుగకున్రి. మాట్లాడితే అక్షరాలన్ని ముక్కులనే కలిసిపోయేటివి. నా పెండ్లాం నర్సవ్వకు తప్ప ఎవ్వలకు నా మాట సమజ్ కాకపోయేది. నేను ఊదేది, ఆమె అది మాటల్ల పెట్టి చెప్పేది. అండ్ల ఒక తక్లీఫ్ ఉన్నది. నేను గంపెడు చెప్తే ఆమె పిడికెడే చెప్పేది, అదీ నిజమైనంత మట్టుకే.

నేను సాంచాల మీద బట్ట నేసేటోన్ని. కరెంటు మగ్గాన్ని మా దిక్కు సాంచా అంటరు. అటిటు ఉరికే నాడెల దారం చుట్టిన కండె అయిపోతే కొత్త కండె పెట్టి, నాడెకున్న చిన్న కంతకు మూతి ఆనిచ్చి దారాన్ని ఒక్క గుక్కకు బయటికి పీల్చాలె. అంగిలికి బొక్క ఉన్నోడు ఎట్ల పీలుస్తడు? గాలి ముక్కులకెల్లి వస్తది, దారం లోపట్నే ఉంటది. కొన్నొద్దులు నర్సవ్వ కార్ఖానకు వచ్చి నా నాడెలకు తనే దారం పీల్చింది. పక్క సాంచాలోల్లు మమ్ముల చూసి పెదవులు చప్పరించుకుంట ఎక్కిరించెటోల్లు. ఆఖరికి సాంచాల యజమాని, మా ఆసామి అన్నడు:

"పున్నం దాక నీ సాంచాలు ఇంకొకలకు ఇయ్య. అటెన్క నీ నాడె నువ్వే పీల్చుకుంటెనే రా. లేకుంటె ఇంట్ల కూసోని కండెలు చుట్టుకో."

కండెలు చుట్టుడు ముసలోల్ల పని. నేను ముసలోన్నే గాని, ఆ మాట ఇంకొకడు అనొద్దు. మంచిర్యాలల పండ్ల డాక్టరు ఒకాయన అంగిలికి పలక చేస్తడని తెలిసినంక ఇగ నిలువబుద్ధి కాలే. నాడె ఒకటి, కండెలు నాలుగు సంచిల ఏస్కొని నర్సవ్వ, నేను తెల్లారకముందే మబ్బుల బస్సే ఎక్కినం.

కరీంనగర్ల దిగేవరకు ఎండ పొడిసింది. పెద్దపల్లి బస్సు ఇంకా రాలే. నేను కూసుంట, లేస్త, నాలికె పోయి బొక్కను తడుముతది, మల్ల కూసుంట. అందరు చాయ తాగుతున్నరు. నేను తాగితే నలుగురి ముంగట ముక్కులకెల్లి వస్తదని వద్దన్న. నర్సవ్వ గూడ వద్దన్నది. ఆమెకు చాయంటె పానం. అది చూసి నాకు ఇంకింత మంట లేచింది.

పెద్దపల్లిల ప్యాసింజర్ రైలు ఆల్శంగ వచ్చింది. డబ్బల కాలు పెట్ట సందు లేదు. శ్రీరాంపూర్ దిక్కు బొగ్గుబావిల పనిజేసే ఒకాయన, ఆయన తల్లి ఒక బల్ల మీద ఉన్నరు. నా గుంటపడ్డ చెంప చూసి ఏమైందని ఆయన అడిగిండు. గడ్డ లేస్తె కోసిండ్రని నర్సవ్వ ఒక్క ముక్కల చెప్పేసింది. గంత పెద్ద కోతకు గంత చిన్న మాటనా? నేను ఓర్వలే. రుమాల్ల దాసిపెట్టిన నూలు ఉండ తీసిన. గంజి పట్టించిన గట్టి నూలు అది. బొక్కల కుక్కితే కాసేపు గోడ లెక్క నిలుస్తది, మాట జర తెలుస్తది. మొఖం అటు తిప్పి కుక్కుకొని చెప్పిన: "రజాకార్ల తూటా."

బొగ్గుబావి ఆయన దిగ్గున లేచి నాకు జాగ ఇచ్చిండు. నేను దర్జగ కూసున్న. ఆయన తల్లి నాకు చేతులు జోడించింది. ఏ ఊరు, ఎవలెవలు పోయిండ్రని అడిగింది. అడుగుకుంట అడుగుకుంట తన తమ్ముని ముచ్చట తీసింది. జొన్నచేన్ల నుంచి పట్టుకపోయిండ్రట, మల్ల ఇంటికి రాలేదట. ఆమె కండ్లు తుడుసుకుంటుంటె నా కింద బల్ల కాలినట్టయింది. లేచి నిలబడ్డ. "అవ్వా, తూటా గాదు. గడ్డనే," అన్న.

ఆమె నా రెక్క పట్టి గుంజింది. "కూసో, కూసో. లేపితె మల్ల ఇంకేం కథ చెప్తవో," అన్నది. కొడుకు నవ్వుకుంట పక్కోల్లకు చెప్పిండు, ఈ పెద్దమనిషి ఒక స్టేషన్ దాక రజాకార్లతోని కొట్లాడిండని. డబ్బంత నవ్వింది. నర్సవ్వ కిటికీల నుంచి బయటికి చూసుకుంట నిలబడ్డది.

గోదారి వంతెన మీదికి వచ్చేవరకు ఉమ్మికి గంజి కరిగి నూలు మెత్తబడ్డది. దగ్గితే సగం చేతిలకు వచ్చింది. మిగిలిన సగం ఏడికి పోయిందో తెలవలే. మింగిన్ననుకొని ఊకున్న. నర్సవ్వకు చెప్పలే.

మంచిర్యాలల డాక్టరు గది టేషన్ రోడ్డు మీద, సైకిళ్ల దుకాణం పైన. డాక్టరు కోస్తా దిక్కు పిల్లగాడు, మాటకు ముందు 'అండి', మాటకు వెనక 'అండి'. చిన్న అద్దం నోట్ల పెట్టి, లోపల ఏమన్న పెట్టారా అని అడిగిండు. లేదని తల ఊపిన. ఆయన సన్నటి పట్టుకారు లోపలికి పోనిచ్చి దారం కొస పట్టి గుంజిండు. వస్తనే ఉన్నది. రెండు గజాలు తీసిండని రాస్తె బాగుంటది గాని, జానెడే.

నర్సవ్వ అన్నది: "జర చూసి గుంజు బిడ్డా, నాకు చీర ఎల్తదేమో."

నవ్వులాట అక్కడికే. దారం ఒత్తుకొని లోపల కండ వాచింది. వాపు తగ్గకుండ అచ్చు తీస్తె పలక వదులవుతుందని, ఆగాలని డాక్టరు చెప్పిండు. మేం టేషన్ దగ్గర సత్రంల దిగినం. నేను పొద్దంత బొగ్గు వ్యాగన్లు చూసేది, మాపటీలి చంద్రున్ని చూసేది. రోజుకింత లావయితుండు. నా సాంచాల మీద ఇంకొకడు కూసున్నట్టే కండ్లల్ల మెదిలేది. ఒక పూట గోదారి దాక నడిచిపోయి, నర్సవ్వ ఒక్కతే ఉన్నదని యాదికొచ్చి, నీళ్లు ముట్టకుండనే తిరిగొచ్చిన.

ఆఖరికి వాపు దిగింది. డాక్టరు వేడి మైనపు ముద్ద నోట్ల ఒత్తి అచ్చు తీసిండు. ఆ అచ్చు మీద ఎర్రటి పలక పోసి, దానికే పండ్లు అతికి, బొక్కల కూసునేటట్టు పైన బుడిపె పెట్టి తెచ్చిండు. పెట్టుకొని గిలాసెడు నీళ్లు తాగిన. ముక్కుల నుంచి ఒక్క చుక్క రాలే. డాక్టరు నా పేరడిగితె చెప్పిన. ఆయనకు సమజయింది. నా పేరు నా నోటితోని ఏడాదికి విన్న.

నాడె తీసి మూతికి ఆనిచ్చి పీల్చిన. రాలే. మల్ల పీల్చిన. పలక ఎనకదిక్కు నుంచి గాలి బుస్సుమన్నది.

"ఇది తినడానికి, మాట్లాడ్డానికండి, పెద్దాయనా. దారం లాగడానికి నేనెప్పుడూ చెయ్యలేదు," అన్నడు డాక్టరు.

నేను సంచి సదురుకుంటున్న. నర్సవ్వ లేవలే. "మాట్లాడుడంటె ఆయన బదులు నేను గూడ మాట్లాడుత, సారూ. దారం మాత్రం ఆయన్నే గుంజాలె. లేకుంటె పని పాయె," అన్నది. నేను చెప్పకుండనే నా కోసం ఆమె గట్టిగ అడిగిన మాట ఏడాదికి అదొక్కటే.

డాక్టరు కూసున్నడు. ఎట్ల లాగుతారో చూపించమన్నడు. నర్సవ్వ నాడె అందుకొని, చెంపలు లోపలికి పోయేటట్టు ఒక్క గుక్క పీల్చింది, దారం బయట. తనూ పీల్చి చూసిండు డాక్టరు. నూగు గొంతుల పడి దగ్గి దగ్గి కూసున్నడు. నీళ్లు తాగినంక పలక ఎనక అంచుకు మెత్తటి మైనం పెట్టి నా నోట్ల పెట్టిండు. చల్లారేదాక నాడె పీల్చుకుంటనే ఉండమన్నడు. నేను పీల్చిన కొద్ది మైనం నా గొంతు కదిలినట్టే వంగింది. ఆ వంపునే గట్టిగ పోసి తెల్లారి మాపటికి ఇచ్చిండు.

ఒక్క గుక్కకు దారం వచ్చింది. తప్పు, నాలుగో గుక్కకు. ఐదోసారి మల్ల రాలే. ఆరోసారి వచ్చింది. అయినా డాక్టరు నాకంటె ఎక్కువ సంబురపడ్డడు. రోజు రాత్రి తీసి కడగాలె, లోపల చిగురు మారుతది గనుక ఆరునెల్లకు మల్ల రావాలె, అని చెప్పిండు. ఈ పనికి పోయేటోల్లు అది యాదుంచుకోన్రి. దూది, నూలు కుక్కుకొని మాత్రం పోకున్రి.

పున్నం రేపనంగ రైలెక్కినం. ఈసారి జాగ దొరికింది. పెద్దపల్లి, కరీంనగర్ దాటిందాక నాడె పీల్చుకుంటనే కూసున్న. పదిల ఏడెనిమిది మాట్లు వస్తుంది. ఆసామికి అది చాలు.

సిరిసిల్ల బస్సుల, ఎన్క సీటు ఆయనకు చూపిద్దామని పలక తీసిన. అప్పుడే కండక్టర్ వచ్చి ఏడికని అడిగిండు. నేను ఊదిన. ఆయనకు ఏం తెలవలే. నర్సవ్వ దిక్కు చూసిన. ఆమె అటు తిరిగి పక్క సీటు ఆడామెతోని ముచ్చట పెడుతుంది. మోచేతితోని పొడిచిన.

"పెట్టుకొని చెప్పు," అన్నది, ఇటు తిరుగకుండనే.

పెట్టుకున్న. "సిరిసిల్లకు రెండు," అన్న. కండక్టర్ టికెట్లు చింపి ఇచ్చిండు.

ఇగ నా యాత్రంత ఆ ఎన్క సీటాయనకు చెప్దామని గొంతు సవరించుకున్న. నర్సవ్వ పక్కామెకు చెప్తుంది. మంచిర్యాల సత్రంల దోమలు, రైల్ల ముసలామె తమ్ముడు, నూగు మింగి దగ్గిన డాక్టరు, నాకు తెలవకుండ టేషన్ల తాగిన చాయ. ఏడాది మాటలు ఒక్కపారే వస్తున్నయి. వ్యాగన్లు వందున్నయన్నది, లేవు. చెప్దామని నోరు తెరిచి ఊకున్న. సిరిసిల్ల కార్ఖానల మోత వినవడ్డదాక నాకు సందు దొరకలే.