పది నిమిషాల వెండెల్

వెండెల్ లెక్కలో ఈ భూమ్మీద ఏ చోటికైనా పది నిమిషాల నడకే. శాక్రమెంటోలో ముప్ఫై ఎనిమిదేళ్లు గుమ్మం గుమ్మానికీ తిరిగి ఉత్తరాలు పంచిన కాళ్లవి. ఆయన రిటైరై పదేళ్లయినా ఆ సంగతి కాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఓసారి భార్య గ్లాడిస్‌ను "పది నిమిషాలేనే, రా" అంటూ సినిమాకు నడిపించుకెళ్లాడు. వాళ్లు చేరేసరికి జనం ఆట చూసి బయటికి వస్తున్నారు. ఆ తర్వాత గ్లాడిస్ ఆయనతో వీధి చివరికి కూడా నడవలేదు.

అందుకే రీనో ప్రయాణంలో ఆయనకు తోడు చెల్లెలు లోర్నా. ఏటా అక్టోబరులో ఇద్దరూ రైలెక్కి, కొండలు దాటి, ఆ జూదశాలల ఊళ్లో మూడు రోజులుండి వస్తారు. ఇరవై రెండేళ్లుగా తప్పలేదు. కానీ ఈ వేసవిలో లోర్నాకు మోకాలు మార్చారు. స్టేషన్ నుంచి హోటల్‌కు తన కాళ్ల మీద తాను వెళ్లగలిగితే సరే, లేకపోతే ఇదే ఆఖరి రీనో అని మనసులో ఒట్టు పెట్టుకుని మరీ రైలెక్కింది. చక్రాల కుర్చీలో రీనో చూడటం కంటే ఇంట్లో గోడ చూస్తూ కూర్చోవడం నయమని ఆవిడ పట్టుదల.

రైల్లో భోజనాల పెట్టెలో నలుగురికో బల్ల. ఇద్దరే వెళితే ఎదురుగా ఎవరినో ఒకరిని కూర్చోబెడతారు. ఆ రోజు మొదటిసారి రీనో చూడబోతున్న దంపతులు దొరికారు.

"మేం దిగబోయే హోటల్..." అని మొదలుపెట్టాడు భర్త.

"పది నిమిషాల నడక!" అన్నాడు వెండెల్.

"పేరింకా చెప్పలేదండీ."

"చెప్పండి, దానికేం. అదీ పది నిమిషాలే."

"మా అన్నయ్యను నమ్మి బయల్దేరకండమ్మా, జోళ్లు అరిగిపోతాయి" అంది లోర్నా ఆ భార్యతో.

రీనోలో దిగి, వీధి కన్నా లోతున ఉన్న స్టేషన్ నుంచి లిఫ్టులో పైకొచ్చి, వీధిలో నిలబడగానే లోర్నా అడిగింది.

"నిజం చెప్పు అన్నయ్యా, ఎంత దూరం? టాక్సీ పిలవనా?"

"పది నిమిషాలకు టాక్సీయా? డ్రైవరు నవ్వుతాడే!"

"మరి ఏటి పక్కన మనం ఎప్పుడూ దిగే హోటల్ ఉండగా ఇదేమిటి, కొత్తది?"

"అక్కడ దిండ్లు బాగుండవు."

"ఇరవై రెండేళ్లు గురక పెట్టావుగా వాటి మీద!"

ఈసారైనా అబద్ధం పట్టుకుని తీరాలని లోర్నా గడియారం చూసుకుని కర్ర ఊతంగా బయల్దేరింది. హోటల్ గుమ్మంలో మళ్లీ చూసుకుంది. సరిగ్గా పది నిమిషాలు. చెవి దగ్గర పెట్టుకుని విన్నది. శుభ్రంగా టిక్కుటిక్కుమంటోంది. సాయంత్రం భోజనానికి వెళితే పది నిమిషాలు. ఏటి ఒడ్డుకు వెళ్లినా పదే. ఆవిడకు అనుమానం కాదు, భయం పట్టుకుంది.

మర్నాడు పొద్దున టిఫిను దగ్గర, వెండెల్ చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే, కాఫీ పోస్తున్న హోటల్ అమ్మాయి ఐనెజ్ అడిగింది.

"మోకాలు ఎలా ఉందమ్మా?"

"నీకెవరు చెప్పారు?"

"పోయిన నెల ఆయన వచ్చారుగా, ఒక్కరే! నాలుగు రోజులు కర్ర పట్టుకుని, ఓ కాలు ఈడుస్తూ, గడియారం చూస్తూ ఊరంతా తిరిగారు. మా కాపలావాడు పాపం పక్షవాతమేమో అనుకుని చక్రాల కుర్చీ తోసుకుంటూ పరుగెత్తాడు. 'కూర్చుంటే లెక్క తప్పుతుందయ్యా! మా చెల్లెలు నడిచినట్టే నడవాలి!' అని వాడి మీద ఎంత ఎగిరారనుకున్నారు? పది నిమిషాలు దాటిన హోటళ్లన్నీ చీటీలో కొట్టేశారు."

లోర్నా చేతిరుమాలు తీసింది. వెండెల్ వచ్చి కూర్చునేసరికి ముక్కు తుడుచుకుని కసురుకుంది.

"వచ్చే ఏడాది టికెట్లు ఇవాళే తీసేయ్. కిటికీ పక్క సీటు నాది."

"అదేం న్యాయం? పెద్దవాణ్ని నేను!"

"మోకాలు నొప్పిదాన్ని నేను."

"నొప్పా? నిన్నటి నుంచి ఊరంతా చుట్టబెట్టావు, ఎక్కడే నొప్పి?"

లోర్నా కాఫీ కప్పు దగ్గరికి లాక్కుంది. సీటు వెండెల్‌దే అయింది. ఓడిపోయి అంత సంతోషంగా కాఫీ తాగిన మనిషి ఆ పొద్దున ఆ ఊళ్లో ఇంకొకరు లేరు.