అత్త చూపించని అతుకు

మా మేనత్త కన్నుమూసింది. మొన్న సోమవారం పొద్దున్న టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గోడకు ఆనుకుని కూర్చుని అలాగే పోయింది. బాధపడకుండా పోయింది, అదృష్టవంతురాలు అని కామాటిపురలో మేముండే వరస గదుల చాల్ అంతా అంటోంది. నాకు మాత్రం ఏడుపుతో పాటు ఒళ్లు మండుతోంది. ఒక గొలుసు సగంలో వదిలేసి పోయింది మహాతల్లి.

అత్త వెండితీగతో గొలుసులు అల్లేది. దారమంత సన్నటి తీగను పెన్సిలంత పుల్ల చుట్టూ మెలిక మీద మెలికగా అల్లుకుంటూ పోతే లోపల బోలుగా ఉండే గొట్టం తయారవుతుంది. పుల్ల తీసేసి, ఆ గొట్టాన్ని చెక్కకున్న రంధ్రాల్లోంచి లాగితే సన్నబడి, మెత్తగా వంగే గొలుసవుతుంది.

పదకొండేళ్లు ఆమె పక్కన కూర్చున్నాను. నేర్చుకున్నాననుకుంటున్నారా? నేను జానెడు అల్లితే కళ్లద్దాలు ముక్కు మీదికి దించి చూసి, జానెడూ విప్పేసేది. తప్పేమిటో చెప్పదు. గట్టిగా అడిగితే, "నీ చెయ్యి కోపం మీదున్నదే. తీగెకు తెలుస్తది," అనేది. ఆ కోపం ఎవరి వల్ల వచ్చిందో కూడా తీగనే అడగాల్సింది.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి అతుకు. ఒక తీగ అయిపోగానే ఇంకోటి అతకాలి. నేను అతికితే రవికకు గుచ్చుకునేది. అత్త అతుకు ఎక్కడుందో ఎవరికీ కనిపించదు. సరిగ్గా అది వేసే సమయానికే నన్ను లేపేది. "నీళ్లొచ్చినయేమో, పోయి చూడు." తిరిగొచ్చేసరికి అతుకు పడిపోయేది. "ఒక్కసారి చూపియ్యి అత్తా," అంటే, "జల్దీ ఎందుకే? నేనేడికి పోతున్న?" అనేది. ఎక్కడికి పోయిందో చూశారుగా.

సగంలో ఆగిన ఆ గొలుసు, ఫోరస్ రోడ్డు పక్కన కడుతున్న బిల్డింగులో కూలి చేసే పాలమూరు ఆమెది. చనిపోయిన వాళ్లమ్మ కాళ్ల కడియాలు కరిగించి, తీగ తీయించి తెచ్చింది. "మా అమ్మ కడియాల ఎండే ఉండాలె. వేరేది కలపొద్దు," అని మరీమరీ చెప్పింది. ఆదివారం ఆమె ఊరి బస్సెక్కాలి. అమ్మ సంవత్సరీకానికి అది మెడలో ఉండాలి.

దినాలు కాకముందే పని ముట్టుకుంటోందని పక్కగదుల వాళ్లు గొణిగినా, శుక్రవారం కూర్చున్నాను. మూడుసార్లు అతుకు వేశాను. మూడుసార్లూ మొటిమలా పైకి లేచింది. ఇక ఒకటే దారి. అత్త అతుకు ఎలా వేసిందో తెలియాలంటే అత్త అల్లినదే విప్పాలి. ఆమె చేతి చివరి పని అది. తిట్టుకుంటూ, ఏడుస్తూ, ఒక్కో మెలికా విప్పాను.

జానెడు విప్పాక కనిపించింది. పాత తీగ కొసను కత్తిరించకుండా గొట్టం లోపలికి మళ్లించి, కొత్త తీగ మొదలును దాని పక్కనే దించి, పైన మామూలుగా అల్లుకుపోయింది. అంతే! ఒక్క మాటలో చెప్పొచ్చు. దానికి పదకొండేళ్లు నాతో నీళ్లు మోయించింది. చెప్పేస్తే నేను రావడం మానేస్తానని భయపడిందేమో. పిచ్చిది. నేను మాత్రం ఎక్కడికి పోతాను?

విప్పిన తీగ నిండా ఆమె వేసిన వంపులే. వేరే వెండి కలపకూడదు కాబట్టి ఆ తీగనే మళ్లీ వాడాలి. వాడాలంటే మంట మీద కాల్చి సాపు చెయ్యాలి. చేశాను. రెండు కొసలూ పట్టి లాగితే అత్త వంపులు ఒక్కొక్కటే పోయి, తీగ తిన్నగా అయింది. అప్పుడు మాత్రం నాకు కోపం రాలేదు.

అత్తలాగే అతుకు లోపలికి దాచి గొలుసు పూర్తి చేశాను. ఆదివారం పాలమూరు ఆమె వచ్చింది. గొలుసు మెడలో వేసుకుని తడిమి చూసుకుంది. "అవ్వ అల్లింది ఏడిదాంక అక్కా? నీది ఏడికెల్లి?"

కింద పెట్టిన సంచి తీసి ఆమె చేతికిచ్చాను. ఆమె ఒక చేత్తో సంచి పట్టుకుని, రెండో చేతి గోరు గొలుసు మీద మెల్లగా జరుపుకుంటూ, వెతుక్కుంటూ, ఒక్కో మెట్టూ దిగిపోయింది.